జ్ఞానమ్మ మొక్కిన కారు

మా అత్తగారు మా ఆయన కారుని దేవుడికి మొక్కేసిందన్న సంగతి మా ఇద్దరికీ చర్చిలోనే తెలిసింది.

ఎనభై ఏడులో, కోతలు ఇంకా మొదలుకాని రోజులు. మద్రాసులో గుండె ఆపరేషను చేయించి ఆయన్ని బాపట్ల తీసుకొచ్చాక అదే మొదటి ఆదివారం. రొమ్ము మీద కోత పచ్చిగానే ఉంది. చొక్కా పైగుండీలు పెట్టుకోకుండా, నా భుజం పట్టుకుని మెల్లగా నడిచొచ్చి మగవాళ్ళ వైపు కూర్చున్నారు. సాక్ష్యాలు చెప్పే వేళకి మా అత్త జ్ఞానమ్మ లేచి నిలబడింది. ఆవిడ లేచిందంటే సంఘమంతా సర్దుకుని కూర్చుంటుంది. ఓ పట్టాన ముగించే మనిషి కాదు. ఆ రోజు మాత్రం నాలుగు ముక్కల్లో తేల్చేసింది.

"నా బిడ్డ రొమ్ము కోస్తున్నారని తెలిసిన రోజున ఇదే చోట మోకరించి నీకు మాటిచ్చాను ప్రభువా. వాడు లేచి నడిచొస్తే వాడి కారు కోతల పండక్కి నీకిచ్చేస్తానన్నాను. లేపావు. ఇస్తున్నాను."

సంఘమంతా ఆమెన్ అంది. మా ఆయన కూడా అలవాటు కొద్దీ ఆమెన్ అనేశారు. ఏమన్నారో తర్వాత తెలిసింది కాబోలు, మెడ తిప్పి ఆడవాళ్ళ వరసల్లో నా కోసం వెతికారు.

మా సంఘంలో కోతల పండక్కి ఇచ్చింది ఇచ్చిందే. వడ్లబస్తా అయినా, గుమ్మడికాయ అయినా, కోడిపుంజు అయినా ప్రార్థన చేశాక అరుగు మీద పెట్టి వేలం వేస్తారు. ఎవరైనా వచ్చి పాడుకోవచ్చు గానీ, ఇచ్చిన ఇంటివాళ్ళు మాత్రం పాడకూడదు. ఇంకొకరి చేత పాడించకూడదు కూడా. పూర్వం ఒకాయన తనిచ్చిన గొర్రెపిల్లని బావమరిది చేత పాడించుకున్నాడట. ఆయన పోయి ఎన్నేళ్ళయినా ఆ ఇంటిని గొర్రెపిల్లవాళ్ళు అనే అంటారు. అలాంటి చోట నిలబడి మా అత్త కారు పేరెత్తింది.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు.

"బర్రెని మొక్కుకోవచ్చుగా అత్తయ్యా? పాలిచ్చే బర్రె. దేవుడు కాదంటాడా?"

"బర్రె నాదే. నాది నేనిస్తే వాడి ప్రాణం ఎందుకిస్తాడు? వాడి ప్రాణం అడిగినప్పుడు వాడికి ప్రాణమైందే పెట్టాలి," అంది. "ఆ పెట్రోలు పొగేగా వాడి ఊపిరి తాగేసింది," అని కూడా అంది. చిన్నప్పుడొచ్చిన కీళ్ళజ్వరం వల్ల గుండెలో కవాటం మూసుకుపోయిందని డాక్టర్లు చెప్పింది ఆవిడ చెవికెక్కలేదు. కళ్ళెదురుగా అంత ఇనుము, అంత పొగ కనిపిస్తుంటే కీళ్ళజ్వరాన్ని ఎవరు నమ్ముతారు?

ఆ కారు సంగతి చెప్పాలి. రెండు తలుపుల హెరాల్డు. తెనాలిలో ఒక రైసుమిల్లు ఊకషెడ్డులో ఏళ్ళ తరబడి పడి ఉంటే, షెడ్డు ఖాళీ చేస్తూ మిల్లు ఓనరు తీసుకుపొమ్మన్నాడు. లారీకి కట్టి లాక్కొచ్చారు. వచ్చిన రోజున వెనక సీటు స్ప్రింగుల మధ్య కోడి పొదిగిన పెంకులున్నాయి. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు అంద్రెయకి కారేమిటి, అదీ కోళ్ళగంప లాంటి కారేమిటని ఊరంతా నవ్వింది. నేనూ కడుపారా నవ్వాను. తర్వాత దాని సీటు కవర్లు కుట్టింది నేనే, నా కుట్టుమిషను మీదే.

ముందు భాగం అంతా ఒకే మూతలా పైకి లేస్తుంది. ఆ మూత ఎత్తుకుని, టైరు మీద కూర్చుని, సాయంత్రాలన్నీ అందులోనే తల పెట్టి ఉండేవారు. తప్పెక్కడుందో పిల్లల బొమ్మల్లో ఎలా పట్టుకుంటారో దాన్నీ అలాగే చూసేవారు.

"పాత కారుతో రెండు పనులు చెయ్యొచ్చు రిబ్కా," అన్నారొకసారి. "దాన్ని చేసినవాడు ఏమనుకుని చేశాడో కనిపెట్టి మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళడం ఒకటి. వాడు భయపడి ఆగిన చోటు నుంచి మనం ముందుకెళ్ళడం రెండోది. మొదటిది భక్తి. రెండోది పొగరు."

"మీదేది?"

"నాకు రెండూ కావాలి."

అన్నట్టే రెండూ చేశారు. తుప్పు పట్టిన రేకుని రేకులాగే తిరిగి చేయించారు. తలుపు మూసినప్పుడు ఎలాంటి చప్పుడు రావాలో దాని కోసం నెలలు తిరిగారు. అది భక్తి. ఇంజనుకి ఉన్న ఒక్క కార్బొరేటరు తీసేసి, మద్రాసు పుదుప్పేట పాత సామాన్ల కొట్లలో వెతికి పట్టుకొచ్చిన జంట కార్బొరేటర్లు బిగించారు. జోరు పెరగాలని ఇంజను హెడ్డు అరగదీయించారు. మద్రాసు దగ్గర రేసుల్లో ఇలాంటి హెరాల్డులే పరిగెత్తేవని చెప్పేటప్పుడు ఆ మొహం చూడాలి. అది పొగరు. ఆ పొగరుతోనే ఆయాసం మొదలైంది, అందుకే మా అత్త అనుమానం.

ఆ ఆదివారం సాయంత్రం నేనే ఉండబట్టలేక, "మిమ్మల్ని ఒక్కమాట అడగొద్దా ఆవిడ?" అన్నాను.

"నేనున్నానో లేనో తెలీనప్పుడు ఎవర్నని అడుగుతుంది?" అని నవ్వారు. ఆ నవ్వుకి కోత నొప్పి పుట్టి రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఇచ్చేదేదో పూర్తిచేసి ఇద్దాం. రంగు మిగిలింది, బ్రేకులు మిగిలాయి. కుంటిదాన్ని, గుడ్డిదాన్ని దేవుడి ముందుకి తోలను."

అలా మొదలైంది ఆ సీజను. ఊళ్ళో అందరూ కోతల హడావిడిలో ఉంటే, ఇచ్చెయ్యడానికి మేం కారు బాగుచేస్తూ కూర్చున్నాం. బరువెత్తొద్దని డాక్టర్లు చెప్పారు గనక ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పేవారు, నేను చేసేదాన్ని. ఏ పానా దేనికి పడుతుందో నాకప్పుడే వచ్చింది. ఎమిరీ కాగితంతో రుద్ది రుద్ది నా వేళ్ళు నున్నగా అయిపోయాయి. నేను చిన్నపిల్లలకి చెప్పే బడిలో పలక పట్టుకుంటే జారేది. మా అత్త వంటింటి గుమ్మంలోంచి చూసి, "మీరిద్దరూ కలిసి నా మీద కక్షకొద్దీ చేస్తున్నారే," అనేది. కాసేపటికి తనే మజ్జిగ తెచ్చిచ్చేది.

రంగు ఆరిన రోజున ఆయన, "ఆ రెండు కార్బొరేటర్లూ విప్పేద్దాం," అన్నారు.

నేను నమ్మలేదు. "దేనికండీ? వాటి కోసం ఎన్నిసార్లు మద్రాసు వెళ్ళారు!"

"ఇది ఎవరి చేతిలో పడుతుందో ఏమో. ఈ రెండూ సమంగా పీల్చాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అయితే ఇంజను పాడైపోతుంది. చెవి పెట్టి విని సరిచేసేవాడుండాలి. కొన్నవాడు అవన్నీ ఎక్కడ చూస్తాడు? చేసినవాడు పెట్టిన ఒక్కదానితోనే పంపిద్దాం."

"మరి మీ పొగరు?"

"డబ్బాలో పెట్టి దాచు," అన్నారు. పానా కింద పెట్టి, "విప్పే ముందు ఒక్కసారి వెళ్ళొద్దాం," అన్నారు.

మా అత్త ప్రార్థన కూటానికి వెళ్ళిన మధ్యాహ్నం చూసుకుని బయల్దేరాం. ఊళ్ళో మెల్లగానే నడిపారు. వరిమోపుల బండ్లు దాటేదాకా ఓపిక పట్టారు. సూర్యలంక రోడ్డెక్కాక, "గట్టిగా పట్టుకో," అన్నారు. నేను డాష్‌బోర్డు పట్టుకున్నాను. అంతవరకు గొణుగుతున్న ఇంజను ఒక్కసారిగా గొంతు విప్పింది. సరుగుడు తోటలు రెండు పక్కలా ఒకటే పచ్చగా అయిపోయాయి. భయమేసిందని చెప్తే అబద్ధం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

"విన్నావా? ఈ గొంతు. దీని కోసమే ఇదంతా," అని అరిచారు.

సముద్రం దగ్గర ఆపాక దిగలేకపోయారు. పెదాలు నీలంగా ఉన్నాయి. స్టీరింగు మీద తల ఆనించి ఊపిరి కోసం వెతుక్కుంటున్నారు. ఆపరేషను అయ్యాక ఆ రంగు ఉండకూడదు. నేను ఆయన్నే చూస్తుంటే, "నన్ను చూడకు రిబ్కా, సముద్రాన్ని చూడు," అన్నారు. నేను సముద్రాన్నే చూశాను. ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చి జంట కార్బొరేటర్లు విప్పేశాం.

పండగ రోజున చర్చి ఆవరణలో వడ్లబస్తాలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, వాటన్నిటి మధ్య మా హెరాల్డు. లేత నీలం రంగు, ఎండకి మెరిసిపోతోంది. వేలం పాడించే పెద్ద తోమాసు గారు ప్రతి గుమ్మడికాయకీ ఒక వేళాకోళం ఆడే మనిషి. కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం, "అంద్రెయ గారి కానుక. పాడండి," అన్నాడు, అంతే.

ఎవరూ నోరు విప్పలేదు. ఆ సంఘంలో కారు కొనగలిగిన ఇళ్ళు రెండు మూడున్నాయి. వాళ్ళంతా నేల చూపులు చూస్తూ కూర్చున్నారు. ఎవరూ పాడకపోతే పాస్టరు అయ్యగారు ఏదో దారి చూస్తారని వాళ్ళ ఆశ. నా ఆశా అదే. మా అత్త మాత్రం ముందుకి చూస్తూ కొయ్యలా కూర్చుంది. అంతలో వెనక నుంచి ఒక గొంతు పాట అందుకుంది. రేపల్లెలో షామియానాలు, పెళ్ళి సామాను అద్దెకిచ్చే బసవలింగం. మనిషి మంచివాడే. అయినా ఆ గొంతు నాకు ఇప్పటికీ గిట్టదు.

తాళం చెవి మా ఆయనే ఇచ్చారు. బసవలింగం వెంట వచ్చిన డ్రైవరు కొండయ్యని పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపించారు. "పొద్దున పూట చోకు సగమే లాగు. పూర్తిగా లాగావో, అలుగుతుంది. నీళ్ళు రోజూ చూసుకో." కొండయ్య బుద్ధిగా తలూపాడు. దిగాక కారు పైకప్పు మీద అరచేత్తో ఒక్కసారి తట్టి, ఇంటిదారి పట్టారు. తిరిగి చూడలేదు. మా అత్త వేలంలో ఒక గుమ్మడికాయ పాడుకుంది. అది చంకనెత్తుకుని ఆయన వెనకే నడుస్తూ, "పులుసు పెడతాను రా నాన్నా," అంటోంది. పెట్టింది కూడా. ముగ్గురం కతికామనిపించాం.

ఆ తర్వాత ఆయన కొన్నాళ్ళు బడికి వెళ్ళారు. సాయంత్రం రాగానే ఖాళీ షెడ్డులోకి పోయి ముక్కాలిపీట మీద కూర్చునేవారు.

"అక్కడేముందిరా?" అనేది మా అత్త.

"ఏం లేదమ్మా. ఊరికే."

మాఘమాసం వచ్చేసరికి పాదాలకి నీరు పట్టింది. బడి మానేశారు. గుంటూరు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, కవాటం తెరుచుకున్నా గుండె అప్పటికే అలిసిపోయిందని చెప్పాడు. నేను మా అత్తకి చెప్పలేదు గానీ, ఆవిడకి నా మొహం చదవడం వచ్చు. ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని మంట వైపు చూస్తూ అంది.

"వాడు బతికి ఏం చేసుకోవాలని అడిగానే నేను? వాడికున్నదే అదొక్కటి. అది తీసేసుకుని బతకమన్నాను."

ఆవిడ నోట అలాంటి మాట వినడం అదే మొదలు. నాకు ఆవిడ మీదున్న కోపమంతా ఆ పొయ్యి దగ్గరే పోయింది.

మర్నాడు పొద్దున్నే చెప్పాపెట్టకుండా మాయమైంది. సాయంత్రానికి వచ్చింది. తెనాలి దాకా ఒక బండి, అక్కడ మారి రేపల్లె పాసింజరు, వేమూరు దాటేదాకా నిలబడే వెళ్ళిందట. ఆయన నిద్రలో ఉన్నారు. నన్ను పెరట్లోకి పిలిచింది.

"కారుని చూసొచ్చానే. పైన లేదు."

"పైనేంటి లేనిది?"

"కప్పు. కోసేశాడు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ జనానికి కనపడాలంట. ఎర్ర రంగు కూడా కొట్టించాడు."

"ఎలా కోశాడు?"

"గ్యాసు మంటతో కోయించానన్నాడు."

ఆ కారు పైకప్పు బోల్టులతో బిగించింది. విప్పితే డబ్బా మూతలా ఊడొస్తుంది, కావాలంటే మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆయన నాకెన్నిసార్లు చెప్పారో! బసవలింగం ఒక్కమాట అడిగితే అతనికీ చెప్పేవారు.

"అద్దెకి మాట్లాడొచ్చాను," అంది మా అత్త. "మాఘం ముహూర్తాలు అయిపోయేదాకా బండికి ఖాళీ లేదంట. అవి అవ్వగానే తొలి రోజు మనకే పంపుతానన్నాడు. శుభకార్యమాండి అనడిగాడు. అవునన్నాను."

"అయ్యగారు ఏమంటారో అత్తయ్యా. సంఘం కట్టుబాటు..."

"ఇచ్చింది కొనుక్కోకూడదన్నారు. అద్దెకి తెచ్చుకోకూడదని ఎవరన్నారు? అంటే నేను మాట్లాడుకుంటాలే." తర్వాత గొంతు తగ్గించి, "కప్పు సంగతి వాడితో అనకు," అంది.

"వచ్చాక కనపడదా?"

"వచ్చాక చూసుకుందాం. ముందు రానీ."

కారు వస్తుందని చెప్తే ఆయన దిండు మీద లేచి కూర్చున్నారు. "నీ ముందు స్టార్టు చేశారా అమ్మా? ఒక్కసారికే అందుకుందా?"

"అందుకుంది."

"పొగ?"

"లేదు."

"టప్పెట్ల చప్పుడు వచ్చిందా?"

"అవేంటో నాకేం తెలుసురా! బానే ఉంది నీ బండి."

"రంగు చెదరలేదుగా?"

మా అత్త ఒక్క క్షణం తడబడింది. "మెరుస్తోంది," అంది.

ఆ రోజు నుంచి ఊళ్ళో ఎక్కడ మేళం వినపడ్డా, "ఇంకో ముహూర్తం అయిపోయింది," అనేవారు. పెళ్ళిళ్ళు ఎప్పుడైపోతాయా అని ఎదురుచూసిన ఇల్లు బాపట్లలో మాదొక్కటే. గడ్డం చేయించుకున్నారు. నడపలేనని ఆయనకి తెలుసు. "నేను పక్కన కూర్చుంటాను. కొండయ్య నడుపుతాడు. సూర్యలంక దాకా చాలు," అన్నారు. మా అత్త ఆయన తెల్లచొక్కా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించి ఉంచింది.

కారు రావాల్సిన ముందురోజు తెల్లవారగానే పోయారు. నేను పట్టుకునే ఉన్నాను. నన్నూ మా అత్తనూ మార్చి మార్చి చూశారు, ఆయాసం తగ్గింది, నిద్రపట్టిందనుకున్నాను. ఆ చొక్కాయే తొడిగాం.

కారు సంగతి ఎవరికీ గుర్తులేదు. నాకూ లేదు. మర్నాడు ఇంటి ముందు శవపెట్టె దించి, అయ్యగారు ప్రార్థన ముగించి, మోసేవాళ్ళు ముందుకొస్తుండగా వీధి చివర హారను మోగింది. జనం పక్కకి తప్పుకున్నారు. బంతిపూల తోరణాలతో, ఎర్రగా, పైకప్పు లేకుండా, మా హెరాల్డు వచ్చి గుమ్మం ముందు ఆగింది. కొండయ్య తలపాగా చుట్టుకుని ఉన్నాడు. పెట్టెని చూశాడు. ఇంజను ఆపేసి, తలపాగా తీసేసి, దిగి గబగబా పూలదండలు పీకడం మొదలుపెట్టాడు.

"తప్పయిపోయిందమ్మా. పెళ్ళనుకున్నామండి. శుభకార్యమన్నారని..."

"తియ్యకు బాబూ," అంది మా అత్త. పొద్దుట్నుంచి ఆవిడ మాట్లాడిన మొదటి మాట. "ఇక్కడికే పిలిచాను. వాడి కోసమే."

తోమాసు గారు దగ్గరికొచ్చి, "పెళ్ళి బండిలో ఎలా జ్ఞానమ్మా? పైగా ఇచ్చేసిన కానుక," అన్నాడు మెల్లగా.

"వాడి బండి," అంది మా అత్త.

అయ్యగారు తల వంచుకున్నారు. వద్దని మాత్రం అనలేదు. కప్పు లేదు గనక పెట్టె రెండు చివర్లూ బయటికొచ్చినా వెనక సీటు మీద అడ్డంగా పట్టింది. మా అత్త పక్కనే ఇరుక్కుని కూర్చుని, కదలకుండా రెండు చేతులూ దాని మీద వేసింది. నేను ముందు సీట్లో కూర్చున్నాను. సంఘం పాట అందుకుని వెనక నడిచింది. కొండయ్య నడక వేగానికి బండిని పోనిచ్చాడు.

మా సమాధుల దొడ్డి సూర్యలంక రోడ్డు మీదే ఉంది. గేటు దగ్గర కొండయ్య బ్రేకు వేశాడు. మోసేవాళ్ళు వచ్చి చేతులు చాపారు. మా అత్త చేతులు తియ్యలేదు.

"ఇంకొంచెం దూరం పోనియ్యి బాబూ," అంది.

కొండయ్య నా వైపు చూశాడు, నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన పాటల పుస్తకం మూసి, పొమ్మన్నట్టు తలూపారు. మోసేవాళ్ళు వెనక్కి జరిగారు.

బండి వేగం అందుకుంది. గాలికి బంతిపూలు రేకులు రేకులుగా లేచి రోడ్డు మీద పడుతున్నాయి. వెనక మా అత్త ఏడవడం లేదు, మాట్లాడుతోంది, పక్కన కూర్చున్నవాడితో మాట్లాడినట్టే.

"దేవుడు నీకు నాలుగు నెలలు ఇచ్చాడురా నాయనా. ఆ కాసిని నెలలూ నీ బండి నీకు లేకుండా చేశాను. నాకేం తెలుసు, అన్నీ కలిపి అంతేనని నాకేం తెలుసు?"

సరుగుడు తోటలు దాటాం. సముద్రం కనపడగానే కొండయ్య బండి ఆపాడు. మేమేమీ చెప్పకుండానే కాసేపు అలాగే ఉంచి, తర్వాత మెల్లగా వెనక్కి తిప్పాడు.

తిరిగొచ్చేసరికి జనమంతా ఎండలో గేటు దగ్గర అలాగే నిలబడి ఉన్నారు. ఒక్కరూ వెళ్ళలేదు. మా అత్త పెట్టె మీంచి చేతులు తీసి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇక దించండయ్యా," అంది.